జారెల్ కవిత: గర్భం ఒక్కటే కాదు

ఈ యూనిట్‌లో మీరు చదివిన రాండల్ జారెల్ కవిత ‘ది డెత్ ఆఫ్ ది బాల్ టరెట్ గన్నర్’ (1945)లో ఉన్నవి ఐదే పంక్తులు. దీని మీద పరీక్షల్లో రాసే సమాధానం కూడా దాదాపు ఒక్కటే: ఇది యుద్ధ వ్యతిరేక కవిత, టరెట్ తల్లి గర్భానికి ప్రతీక. తప్పేమీ లేదు. నేనూ చాలా ఏళ్లు తరగతిలో అదే చెప్పాను. కానీ అంతటితో ఆగితే ఈ కవితను ఏ యుద్ధానికైనా అతికించవచ్చు. అది అలాంటి కవిత కాదు.

బాల్ టరెట్ అంటే బి-17, బి-24 బాంబర్ల పొట్ట కింద ఉండే గుండ్రటి చిన్న గది. అందులో రెండు మెషిన్‌గన్‌లు, వాటి మధ్య మోకాళ్లు ముడుచుకున్న ఒక మనిషి. సాధారణంగా పొట్టివాళ్లనే ఈ పనికి ఎంచుకునేవారు. ప్యారాచూట్ తగిలించుకోవడానికి కూడా లోపల చోటు చాలేది కాదు. ఆ మనిషిని అక్కడ ఎందుకు కూర్చోబెట్టారు? బ్రిటిష్ వాళ్లు జర్మనీ మీద ఎక్కువగా రాత్రిపూట బాంబులు వేసేవారు. వాళ్ల లాంకాస్టర్ విమానాల్లో చాలావాటికి పొట్ట కింద టరెట్ లేదు. అమెరికన్ సేనానులు మాత్రం కర్మాగారాలను గురి చూసి కొట్టాలంటే పగలే వెళ్లాలన్నారు. బారులు తీరి ఎగిరే బాంబర్లు తమ తుపాకులతో తమను తామే కాపాడుకోగలవని నమ్మారు. 1943 అక్టోబరు 14న ష్వైన్‌ఫర్ట్‌లోని బాల్ బేరింగ్ ఫ్యాక్టరీల మీదికి 291 బాంబర్లు బయలుదేరితే 60 తిరిగి రాలేదు. 1944లో మస్టాంగ్ ఫైటర్లు జర్మనీ లోపలి దాకా తోడు వెళ్లడం మొదలయ్యాక గాని పరిస్థితి మారలేదు.

ఇది తెలిశాక కవితలోని ‘స్టేట్’ అనే మాటను మళ్లీ చూడండి. ఇంగ్లీషులో దానికి ‘స్థితి’, ‘రాజ్యం’ అనే రెండర్థాలూ ఉన్నాయి. తెలుగు చేసేవారు ఏదో ఒకటి వదులుకోక తప్పదు. నేనైతే ‘రాజ్యం’ అంటాను. ఆ కుర్రవాణ్ణి అక్కడ ముడిచి పెట్టింది విధి కాదు, ఒక కార్యాలయంలో తీసుకున్న నిర్ణయం.

అయితే కవితతో నాకొక పేచీ ఉంది. గర్భస్థ శిశువుతో పోల్చగానే గన్నర్ పూర్తిగా నిర్దోషి అయిపోతాడు. విమానం బాంబులు మోసుకెళుతోందన్న సంగతి ఐదు పంక్తుల్లో ఎక్కడా రాదు. మేఘాలు కమ్మినప్పుడు రాడార్ సాయంతో వేసిన ఆ బాంబులు ఇళ్ల మీదా పడ్డాయి.

ఈ సంగతి జారెల్‌కు తెలియక కాదు. ఆయన యుద్ధరంగానికి వెళ్లలేదు, అరిజోనాలో వైమానికులకు నక్షత్రాల ఆధారంగా దారి కనుక్కోవడం నేర్పాడు. ఆయనదే మరో కవిత ‘లాసెస్’లో వైమానికులు తాము తగలబెట్టిన నగరాల గురించి కూడా మాట్లాడతారు. ఆ నగరాలు వాళ్లు బడిలో పాఠాలుగా చదువుకున్నవే. సంకలనాలకు ఎక్కువగా ఎక్కింది మాత్రం ఈ ఐదు పంక్తుల కవితే. సమాధానం రాసే ముందు ‘లాసెస్’ కూడా ఒకసారి చదవండి.