గాజువాక పెరట్లోంచి రోజెట్

విశాఖపట్నం గాజువాక మీద రాత్రి ఆకాశం ఎప్పుడూ నల్లబడదు. ఒకపక్క స్టీల్‌ప్లాంటు, మరోపక్క పోర్టు. మబ్బులేని రోజున కూడా పైన బూడిదరంగు వెలుగే. చలికాలంలో ఆ వెలుగు వెనక, ఆర్ద్ర నక్షత్రానికి కాస్త తూర్పున, రోజెట్ నెబ్యులా ఉంటుంది. అయిదువేల కాంతి సంవత్సరాల దూరాన ఉన్న హైడ్రోజన్ మేఘమది. పున్నమి చంద్రుడికి రెండింతల పైగా వెడల్పున్నా కంటికి ఆనదు. దాన్ని ఫొటో తీయడానికి అరకు కొండలెక్కనక్కర్లేదని, పెరడు చాలని నా గట్టి నమ్మకం.

హైడ్రోజన్ ముఖ్యంగా 656.3 నానోమీటర్ల దగ్గర, చిక్కటి ఎరుపులో వెలుగుతుంది. ఆ ఎరుపును మాత్రమే లోపలికి వదిలే ఫిల్టరు పెడితే ఊరి వెలుగు చాలావరకు బయటే ఆగిపోతుంది. పాత సోడియం దీపాలు ఎక్కువగా పసుపులోనే వెలిగేవి, వడకట్టడం తేలిక. 2014 అక్టోబరు హుద్‌హుద్ తుపాను తర్వాత వీధుల్లోకి వచ్చిన ఎల్‌ఈడీల తెలుపులో అన్ని రంగులూ ఉన్నాయి, అందుకే కొంత ఫిల్టరును దాటి వస్తుంది.

మిగతాదంతా ఓపిక. అయిదేసి నిమిషాల ఫ్రేములు తీసి కంప్యూటర్లో కలపాలి. వంద కలిపితే నెబ్యులా వెలుగు వంద రెట్లవుతుంది, నాయిస్ పది రెట్లే పెరుగుతుంది. ఈ లెక్క నాకిచ్చిన ధైర్యం ఏ ఖరీదైన లెన్సూ ఇవ్వలేదు. వంద ఫ్రేములంటే ఎనిమిది గంటల పైమాట, ఒక్క రాత్రిలో తెమిలే పని కాదు. ఆకాశంతో పాటు కెమెరాను తిప్పే మౌంటును ధ్రువానికి గురిపెట్టడం ఇంకో తంటా. మన అక్షాంశం 17.7 డిగ్రీలు కాబట్టి ధ్రువనక్షత్రం ఉత్తరాన అంత కిందనే ఉంటుంది, పక్కింటి డాబా అడ్డొస్తే అదీ లేదు. రాత్రి ముదిరేకొద్దీ సముద్రపు తేమ లెన్సు మీద దిగుతుంది. చుట్టూ హీటరు పట్టీ కట్టాల్సిందే.

ఇంటి ఆవరణలోంచి ఆకాశాన్ని కొలవడం ఈ ఊరికి కొత్త కాదు. 1840 ప్రాంతంలో గొడే వెంకట జగ్గారావు డాబాగార్డెన్స్‌లో సొంత వేధశాల కట్టుకున్నారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబాన్ని దాటడం ఇక్కడే చూసి, ఆ వివరాలు లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి పంపారు. బడిపిల్లలకు ఈ పేర్లు చెప్పకపోవడం నాకు నిజంగా బాధ.

మార్చి దాటితే రోజెట్ చీకటి పడేసరికే పడమటికి వాలిపోతుంది. అందుకే కార్పొరేషన్‌వారిని ఇప్పుడే అడుగుతున్నాను: వీధిదీపాలు ఆర్పమనడం లేదు, ఏటవాలుగా బిగించినవాటిని నేలకేసి తిప్పించండి.