ఆ రేకు తీసేయకండి

ఎండాకాలం మధ్యాహ్నం, హైవే మీద ఏకబిగిన పరిగెత్తిన కారు టీ కోసం కాసేపు ఆగుతుంది. మళ్ళీ స్టార్ట్ చేయబోతే మొరాయిస్తుంది. సెల్ఫ్ తిరుగుతుంది గానీ ఇంజిన్ అందుకోదు. అరగంట చల్లారనిస్తే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. ఇలాంటప్పుడు చాలామంది బ్యాటరీనో పెట్రోల్ పంపునో అనుమానిస్తారు. చేయి తిరిగిన మెకానిక్ మాత్రం క్రాంక్ సెన్సార్ ఎక్కడుంది, ఎగ్జాస్ట్ పైపు దానికెంత దగ్గరగా పోతోంది అని చూస్తాడు.

క్రాంక్ సెన్సార్ వేలెడంత ఉంటుంది. క్రాంక్ షాఫ్ట్ ఏ స్థితిలో ఉందో, ఎంత వేగంగా తిరుగుతోందో ఇంజిన్ కంప్యూటరుకు చెప్పేది అదే. దాని కబురు అందకపోతే చాలా కార్లలో ఇంజిన్‌కు స్పార్కూ అందదు, పెట్రోలూ అందదు. ఇలాంటి సెన్సార్లు మామూలుగా 150 డిగ్రీల వరకే ఓర్చుకుంటాయి. బరువు లాగుతున్న పెట్రోల్ ఇంజిన్‌లో, పొగను ఎగ్జాస్ట్ పైపులోకి చేర్చే మానిఫోల్డ్ 600 డిగ్రీలు కూడా దాటుతుంది. బండి కదులుతున్నంతసేపూ గాలి తగులుతుంది, ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్ళు తిరుగుతుంటాయి. ఇంజిన్ ఆపగానే ఆ రెండూ ఆగిపోతాయి. మానిఫోల్డ్‌లో ఉన్న వేడంతా బానెట్ కిందే చేరుతుంది. సెన్సార్‌కు అసలు కష్టకాలం అదే.

దీనికి విరుగుడుగా వచ్చిందే హీట్ షీల్డ్. చూడ్డానికి పల్చటి రేకే, కానీ దాని వెనక ఉన్న పనితనం తక్కువది కాదు. ఎర్రగా కాగిన పైపు నుంచి వేడి ఎక్కువగా కిరణాల రూపంలోనే వస్తుంది. మెరిసే అల్యూమినియం ఆ కిరణాల్లో 90 శాతానికి పైగా వెనక్కి కొడుతుంది. బంగారం ఇంకా బాగా కొడుతుంది. అందుకే 1990లలో వచ్చిన మెక్‌లారెన్ ఎఫ్1 కారు ఇంజిన్ గదికి లోపల బంగారు రేకు తాపడం చేశారు. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది కాబట్టి, మానిఫోల్డ్‌కు మరీ దగ్గరైన చోట స్టెయిన్‌లెస్ స్టీలు రేకే వాడాలి.

అసలు నేర్పు ఖాళీలో ఉంది. రేకుకూ సెన్సార్‌కూ మధ్య, రేకుకూ పైపుకూ మధ్య గాలి ఆడాలి. గొడుగు తలకు అంటుకుని ఉండదు కదా! అందుకే బోల్టు దగ్గర వాషర్లు వేసి రేకును ఎత్తి బిగిస్తారు. కాగితే రేకు సాగుతుంది గనుక బోల్టు రంధ్రాన్ని కాస్త కోలగా తీస్తారు. గుండ్రంగా, బిగుతుగా తీస్తే రేకు వంకర తిరుగుతుంది, లేదా పగులుతుంది. రేకు మీద కనిపించే గీతలు, బుడిపెలు అందం కోసం వేసినవి కావు. పల్చటి రేకు గలగలలాడకుండా బిర్రుగా నిలబడేది వాటివల్లే.

కొందరు సెన్సార్‌కే ఫాయిల్ గట్టిగా చుట్టేస్తారు. అది మేలు చేయదు. సెన్సార్ ఇంజిన్ బ్లాక్‌కు బిగించి ఉంటుంది కాబట్టి అటునుంచీ వేడి ఎక్కుతూనే ఉంటుంది. చుట్టేస్తే ఆ వేడి బయటికి పోయే దారి మూసుకుపోతుంది. పైపు వైపు అడ్డుపెట్టి, వెనక వైపు వదిలేయాలి. వైరు సంగతి వేరు. దానికి ఫైబర్‌గ్లాస్ గొట్టం తొడిగి, వీలైనంత దూరంగా తిప్పి, ప్లాస్టిక్ టై బదులు లోహపు క్లిప్పుతో కట్టాలి. ఎగ్జాస్ట్ పైపుకు వేడిని ఆపే టేపు చుట్టడం మరో పద్ధతి. వేడి బాగానే తగ్గుతుంది గానీ, వానాకాలంలో టేపు తడి పట్టి ఉంచితే మామూలు ఇనుప పైపు త్వరగా తుప్పు పడుతుంది. రోజూ తిరిగే కారుకు రేకే మేలని నా నమ్మకం.

ఎగ్జాస్ట్ పైపులోనే ఉండే ఆక్సిజన్ సెన్సార్‌కు మాత్రం ఈ సూత్రం పూర్తిగా వర్తించదు. దాని కొన 300 డిగ్రీలు దాటితేనే సరిగ్గా పనిచేస్తుంది. అక్కడ కాపాడుకోవాల్సింది వైరునీ కనెక్టర్‌నీ.

క్లచ్ పనికో సైలెన్సర్ పనికో బండి విప్పినప్పుడు, రేకు బోల్టు తుప్పు పట్టి విరిగితే, దాన్ని పక్కన పడేసి మిగతాది బిగించేయడం చాలాచోట్ల జరుగుతోంది. ఆ రోజుకు తేడా తెలియదు. ఎండలు ముదిరాక కొత్త సెన్సార్ వేస్తారు, కొన్నాళ్ళకు అదీ పోతుంది. బండి తిరిగి తీసుకునేటప్పుడు బానెట్ ఎత్తించి, తీసిన రేకులన్నీ వాటి స్థానంలో ఉన్నాయో లేదో అడిగి చూడండి. లేకపోతే కొత్త సెన్సార్ కొనేముందు రేకు వేయించండి.