కోడంబాక్కము చూపని తెలుగిండ్లు: లీనా మణిమేకలై తొలి చిత్రములు

కోడంబాక్కమనగానే తెలుగువారికి విజయా, వాహినీ సంస్థలు స్ఫురించును. ‘మల్లీశ్వరి’ (1951), ‘మాయాబజార్’ (1957) వంటి చిత్రరాజములు ఆ పరిసరములలోనే రూపొందినవి. అయితే తమిళనాట తరతరములుగా ఇంట తెలుగే మాటాడుచున్న అరుంధతీయుల, కంబళత్తు నాయకుల బ్రతుకులు ఆ తెలుగు తెరకు దాదాపుగా ఎక్కలేదు. వారి ముంగిళ్లకు కెమెరాను కొనిపోయినది తమిళ కవయిత్రి లీనా మణిమేకలై.

స్త్రీలయందును పురుషులయందును అనురాగము గల తన స్వభావమును దాచక ప్రకటించిన దర్శకురాలీమె. ‘క్వీర్’ అని నేడు వ్యవహరింపబడు జీవితములను దక్షిణాది స్వతంత్ర చిత్రములలో నిలిపిన మార్గదర్శకులలో నొకరు. చెన్నపట్టణములో అద్దె ఇంటికై వెదకు ఇద్దరు ట్రాన్స్‌జెండర్ మహిళల కథనము 2017 నాటి ఆమె డాక్యుమెంటరీకి వస్తువు. ఆ చిత్రముతో ఆమె నెరిగినవారు తొలి చిత్రములను కేవల సంస్కరణ ప్రచారములుగా భావింపవచ్చును. అది సమగ్రమైన అభిప్రాయము కాదు.

2003లో వెలువడిన ‘మాతమ్మ’ ఇరువది నిమిషముల చిత్రము. అరక్కోణము చేరువలోని అరుంధతీయ పల్లెలో ఆడపిల్లలను దేవతకు అర్పించు ఆచారము దీని వస్తువు. ఈ ఆచారము చిత్తూరు సీమకును క్రొత్త కాదు. అర్పితయైన పిల్ల దేవత సొత్తుగా నెంచబడును. ఇతర స్త్రీలవలె వివాహమాడు హక్కు ఆమెకుండదు. ఆంధ్రప్రదేశములో ఇట్టి సమర్పణలను నిషేధించు చట్టము 1988లోనే వచ్చినది.

2006 నాటి ‘ఆల్టర్’ కంబళత్తు నాయకులలోని బాల్యవివాహములను గూర్చినది. ఆల్టరనగా బలిపీఠము. వీరపాండ్య కట్టబొమ్మన ఈ కులమువాడే. 1959లో బి.ఆర్. పంతులు నిర్మించి దర్శకత్వము వహించిన చిత్రములో శివాజీ గణేశన్ ఆ పాలెగానికి గంభీరమైన తమిళమును పలికించెను. వెండితెర ఆ వంశ వీరునికి పట్టము కట్టినది. లీనా ఆ వంశపు చిన్నారుల పెండ్లిపీటలను చూపినది.

ఈ రెండు చిత్రములలోను ప్రశ్న యొక్కటే: ఒక దేహముపై అధికారమెవరిది? దేవతదా, కులముదా, పెద్దలదా, లేక ఆ దేహమే తానైన మనిషిదా? తరువాతి చిత్రములోని ట్రాన్స్‌జెండర్ మహిళలు అడుగుచున్నదియు నిదే. కావున ఆమె క్వీర్ దృష్టికి మూలము ఈ తెలుగు ముంగిళ్లలోనే కాననగును.

ఒక హెచ్చరిక యవసరము. వీనిని చూచి, తప్పంతయు ఆ కులములదేయని తీర్పు చెప్పుట సులభము. పల్లెలోని భూమి, కూలి, అంటరానితనము ఆ పిల్లల నెట్లు నిస్సహాయుల జేసినవో ప్రేక్షకుడు తానై ఆలోచింపవలసియున్నది. ఇరువది నిమిషముల చిత్రము సర్వమును చెప్పజాలదు.

‘ఆల్టర్’ వెలువడిన 2006లోనే పాఠశాలలలో తమిళమును విధిగా నేర్పవలెనను చట్టము తమిళనాట వచ్చినది. తెలుగు బడుల భవిష్యత్తుకై తెలుగువారు కలతచెందిరి, అది న్యాయమే. కాని పదేండ్లకే మెడలో తాళి పడిన పిల్లకు ఏ భాషలోని బడియైనను దూరమే. భాషను కాపాడుట యనగా దానిని మాటాడు ఆడపిల్లను కాపాడుటయు. తెలుగు సమాజములు ‘మాయాబజార్’ను ప్రదర్శించు వేదికలపైననే ఈ రెండు చిత్రములను గూడ ప్రదర్శించుట యుచితము.