కర్మణి వాక్యం: స్ట్రంక్ మాట, ఆర్వెల్ మాట

ఇంగ్లీషు రాయడం నేర్పేవాళ్ళు కర్మణి వాక్యం వద్దనడానికి ఇద్దరు పెద్దల పేర్లు చెబుతారు. 1918లో కార్నెల్ విద్యార్థుల కోసం 'ద ఎలిమెంట్స్ ఆఫ్ స్టైల్' అచ్చువేయించిన విలియం స్ట్రంక్ ఒకరు, 1946లో 'పాలిటిక్స్ అండ్ ది ఇంగ్లిష్ లాంగ్వేజ్' వ్యాసం రాసిన జార్జ్ ఆర్వెల్ మరొకరు. ఇద్దరినీ ఒకే గాటన కట్టడం స్ట్రంక్‌కు అన్యాయం.

స్ట్రంక్ కర్తరి వాడమన్నాడు. ఆ వెంటనే కర్మణి తరచు వీలుగా ఉంటుందనీ, ఒక్కోసారి తప్పదనీ ఒప్పుకున్నాడు. ఆయన చెప్పినట్టు, పేరా ఇంగ్లండులోని రెస్టోరేషన్ కాలపు నాటకకర్తల గురించైతే, నేడు వారికి ఆదరణ తక్కువన్న సంగతిని వారితోనే మొదలుపెట్టి కర్మణిలో చెప్పాలి. నేటి పాఠకుల అభిరుచి గురించైతే పాఠకులతో మొదలుపెట్టాలి. అంటే వాక్యం ఏ రూపంలో ఉండాలో పేరా తేలుస్తుంది. కర్మణి మీద ఇంతకన్నా పనికొచ్చే సలహా నేను చదవలేదు. లోపమల్లా ఉదాహరణల్లో ఉంది. కర్తరి వాడమన్న నియమం కింద ఇచ్చిన నాలుగు నమూనాల్లో అసలైన కర్మణి ఒక్కటేనని భాషాశాస్త్రవేత్త జెఫ్రీ పుల్లమ్ 2009లో ఎత్తిచూపాడు.

ఆర్వెల్ మాట కటువైనది: కర్తరి కుదిరే చోట కర్మణి ఎన్నడూ వద్దు. అనాగరికంగా రాయడం కన్నా నియమాలు మీరడం మేలని చివర్లో మినహాయింపు ఇచ్చాడు కానీ, జనానికి గుర్తున్నది నిషేధమే. రాజకీయ భాష హింసను కప్పిపుచ్చుతుందన్న ఆయన ఆవేదన సత్యం. అయితే ఆ వ్యాసంలో గుండెను పట్టేసే చోటు చూడండి. దిక్కులేని పల్లెలపై బాంబులు, ఊళ్ళనుంచి తరిమేసిన జనం, తూటాలకు బలైన పశువులు, కాలిన గుడిసెలు, వీటన్నిటికీ పాలకులు పెట్టిన పేరు శాంతిస్థాపన. ఆ ఘోరాలన్నీ ఆర్వెల్ కర్మణిలోనే రాశాడు. అందుకే బాధితులు ముందు కనిపిస్తారు. నేరాన్ని దాచింది శాంతిస్థాపన అన్న ఆ నామవాచకం. కర్మణి దాన్ని బయటపెట్టింది.

తెలుగు వార్తల్లో ఇది ఇంకా తేటగా కనిపిస్తుంది. 'కాల్పులు జరిగాయి, ముగ్గురు చనిపోయారు' అన్నప్పుడు కర్మణి లేదు, కాల్చినవారూ లేరు. 'ఇళ్ళు కూల్చేశారు' అచ్చమైన కర్తరి. కర్త మాత్రం ఎక్కడా లేడు. ఆర్వెల్ నియమంతో ఈ వాక్యాలను దిద్దబోతే దిద్దడానికేమీ దొరకదు. కృతకమని మనం కొట్టేసే 'పోలీసులచేత కాల్చబడ్డారు'లో మాత్రం కాల్చిందెవరో ఉంది.