యూసీ వెనక మనుషులు

మార్చి నెల వచ్చిందంటే మా విశ్వవిద్యాలయం వరండాల్లో పరీక్షల మాటకన్నా యూసీ మాటే ఎక్కువ వినిపిస్తుంది. ‘యూసీ పోయిందా?’, ‘ఆడిటర్ సంతకం అయిందా?’ యూసీ అంటే వినియోగ ధ్రువపత్రం. పాఠాలు చెప్పడంతో పాటు కొన్నేళ్లుగా ప్రాజెక్టుల విభాగం పని కూడా నా మీదే ఉంది. దీన్ని కాగితాల పని అని తేలిగ్గా తీసేసేవాళ్లే ఎక్కువ. నా మటుకు ఇది శ్రద్ధగా నేర్చుకోవాల్సిన విద్య. పరిశోధన బతకడం, ఆగిపోవడం చాలాసార్లు ఇక్కడే తేలుతుంది.

కేంద్రం నుంచి పరిశోధనకు డబ్బు తీసుకున్న సంస్థ 2017 సాధారణ ఆర్థిక నియమావళి ప్రకారం 12-ఎ నమూనాలో లెక్క చెప్పాలి. ఎంత వచ్చింది, ఏ పద్దు కింద ఎంత ఖర్చయింది, ఎంత మిగిలింది, బ్యాంకులో వడ్డీ ఎంత పడింది, అన్నీ అందులో ఉండాలి. ఆ వడ్డీ కూడా మనది కాదు, ప్రభుత్వానికి తిరిగి కట్టాల్సిందే. పరికరాల పద్దులో డబ్బు మిగిలింది కదా అని ప్రయాణాలకు వాడుకోవడానికి లేదు. లెక్క సరిగ్గా చేరేదాకా తర్వాతి విడత రాదు.

విడత ఆగితే ప్రొఫెసరు జీతం ఆగదు. ఆగేది ఆ ప్రాజెక్టులో జూనియర్ రీసెర్చ్ ఫెలో (జేఆర్‌ఎఫ్‌)గా చేరిన పిల్లల ఫెలోషిప్పు. 2023 జనవరి నుంచి అది నెలకు 37,000 రూపాయలు, ఇంటద్దె భత్యం అదనం. పుంగనూరు దగ్గర పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉండే ఒకమ్మాయి నా గది గుమ్మం దగ్గర నిలబడి, ‘సార్, దుడ్డు ఎప్పుడొస్తాది? ఇంట్లో అడగతా ఉండారు’ అని అడిగింది. ఆ ఫైలు తెరిచి చూస్తే ఎవరూ పైసా తినలేదు. వినియోగ వస్తువుల పద్దులో కంప్యూటరు భాగమొకటి కొన్నారు, ఆడిటర్ అభ్యంతరం రాశారు, దానికి జవాబు రాయాల్సిన వాళ్లు సెలవులో ఉన్నారు. అంతే. అంత చిన్న విషయానికి నెలల తరబడి ఒక ఇంట్లో అప్పు పెరిగింది.

అప్పటినుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాం. మార్చిలో చేసే పని ఏప్రిల్లోనే మొదలుపెట్టడం. ప్రతి నెలా మొదటి వారంలో ప్రాజెక్టు చూసే అధ్యాపకుడు, అకౌంట్స్ గుమాస్తా ఒకే బల్ల దగ్గర కూర్చుని ఓచర్లు సరిచూస్తారు. శాంక్షన్ ఆర్డర్ నకలు పైన పెట్టుకుంటారు, ఏ పద్దులో ఎంత మిగిలిందో పెన్సిలుతో పక్కన రాస్తారు. కొనాలనుకున్న వస్తువు ఏ పద్దులోకి వస్తుందో కొనకముందే అడుగుతారు. ఇందులో గొప్ప సాంకేతికత ఏమీ లేదు. పొలంలో కలుపు చిన్నగా ఉన్నప్పుడే తీసినట్టు చేసే పని ఇది. కానీ గుమాస్తా బదిలీ అయిపోతే పద్ధతి కూడా ఆయనతోనే వెళ్లిపోతుంది. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే.

నియమాలు ఎప్పుడూ ఒకేచోట నిలబడవు. 2024 సెప్టెంబరులో జీఎస్టీ మండలి విశ్వవిద్యాలయాలకు వచ్చే పరిశోధన గ్రాంట్లను పన్ను నుంచి మినహాయించింది. దానికి కొద్ది ముందే ఐఐటీ ఢిల్లీ అంతటి సంస్థకే 120 కోట్ల రూపాయల పన్ను నోటీసు వచ్చింది. 2025 జూన్‌లో కేంద్ర శాస్త్ర విభాగాల సంస్థలు కొటేషన్లు లేకుండా నేరుగా కొనుక్కునే పరిమితిని లక్ష నుంచి రెండు లక్షలకు పెంచారు. ఇలాంటి ఉత్తర్వులను చదివి, మనకు వర్తించేది ఏది, వర్తించనిది ఏది అని తేల్చి, అధ్యాపకుడికి అరపేజీలో చెప్పేవారు ఒకరు ఉండాలి. రసాయన శాస్త్రం చెప్పే మనిషి రాత్రుళ్లు గెజిట్లు చదువుతూ కూర్చోవాలంటే, ప్రయోగశాలలో ఎవరుంటారు?

డబ్బు లెక్క ఒక సగమైతే, అనుమతులు రెండో సగం. ఈ రెండూ ఒకదాని నుంచి ఒకటి విడదీయలేనివని నేను గట్టిగా నమ్ముతాను. రెండిట్లోనూ అడిగేది ఒకటే: జనం మనల్ని నమ్మి ఇచ్చినదాన్ని ఎలా వాడాం? ఒకచోట ఇచ్చింది డబ్బు, మరోచోట ఒళ్లు.

మదనపల్లె వాళ్లకు ఇలా నమ్మి ఒళ్లు అప్పగించడం కొత్త సంగతి కాదు. ఊరి పక్కనే ఉన్న ఆరోగ్యవరం క్షయ శానిటోరియాన్ని డేనిష్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ స్థాపించారు. ఆయన కుమారుడు యోహాన్నెస్ 1950 నుంచి 1955 దాకా చుట్టుపక్కల పల్లెల్లో ఇంటింటికీ క్షయ సర్వే నడిపించారు. ఎక్స్‌రేలు, ట్యూబర్కులిన్ పరీక్షలు, కఫం పరీక్షలు చేశారు. ఆ నివేదికను 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన బులెటిన్‌లో అచ్చు వేసింది. బీసీజీ టీకా ఎంత కాపాడుతుందో చూసిన మదనపల్లె పరిశీలన అంతకంటే ఎక్కువ కాలం సాగింది, దాని నాలుగో నివేదిక 1973లో వెలువడింది. క్షయ పరిశోధకులు నేటికీ మదనపల్లె పేరు తలుస్తారు. అప్పటికి మన దేశంలో వైద్య పరిశోధన నైతికత మీద రాతపూర్వక విధానమే లేదు, భారత వైద్య పరిశోధన మండలి మొదటి పత్రం 1980లో వచ్చింది. కాగితం లేకపోయినా అదే పల్లెకు అదే మనుషులు మళ్లీ మళ్లీ వెళ్లారు. మొదటిసారి చేయి చాపి పరీక్ష చేయించుకున్నవాళ్లు రెండోసారీ తలుపు తీయకపోతే ఆ లెక్కలేవీ ఉండేవి కావు.

నమ్మకం తప్పితే ఏమవుతుందో కూడా అప్పటి మన ఉమ్మడి రాష్ట్రమే చూసింది. 2009లో ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా అధ్యయనం మొదలైంది. కొందరు పిల్లలు చనిపోయిన వార్తల తర్వాత 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. మరణాలకు టీకాతో సంబంధం లేకపోవచ్చని విచారణ సంఘం చెప్పింది. కానీ చాలామంది పిల్లల సమ్మతి పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారని బయటపడింది, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదైనా చెడ్డదైనా, అడగకుండా చేయడం తప్పే. ఇందులో రెండో మాట లేదు.

ఇప్పుడు వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం నైతిక సంఘంలో ఏడుగురు మొదలు పదిహేను మంది దాకా ఉండాలి, అధ్యక్షులు బయటి సంస్థ మనిషి కావాలి, వైద్య రంగానికి చెందని సామాన్య సభ్యుడూ ఒకరుండాలి. వేరే సంస్థ సంఘంలో నేను ఆ సామాన్య సభ్యుడి కుర్చీలో కూర్చున్నాను. పరిశోధకులను నేను కోరేది ఒకటే: ‘ఈ సమ్మతి పత్రం మీ ఇంట్లో పెద్దమ్మకు చెప్పినట్టు నాకు చెప్పండి.’ సగం మంది రెండో వాక్యం దగ్గరే ఆగిపోతారు. కుప్పం వైపు ఇంకో చిక్కు ఉంది. అది మూడు రాష్ట్రాలు కలిసే చోటు, 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని అక్కడ పెట్టడానికీ అదే కారణం. తెలుగు పత్రం ఒక్కటే పట్టుకుని ఇల్లిల్లూ తిరిగితే తమిళం మాట్లాడే ఇంటి ముసలాయన ఏం ఒప్పుకున్నట్టు? ఆ పత్రం తమిళం, కన్నడంలో కూడా తయారు చేయించమంటే ఆలస్యమని విసుక్కున్నవాళ్లు ఉన్నారు. ఆ ఆలస్యం అవసరమైనదే.

జంతువుల విషయమూ ఇంతే. పుంగనూరు ఆవు బాగా పొట్టిగా ఉండే జాతి, పలమనేరు పశు పరిశోధన కేంద్రం దాన్ని కాపాడే పనిలో ఉంది. ఆ ఆవు మీద ప్రయోగం తలపెట్టిన అధ్యాపకుడికి 1998 నిబంధనల కింద మొదట సంస్థలోని జంతు నైతిక సంఘం ఆమోదం కావాలి. దాని నమూనాను విదేశీ ప్రయోగశాలకు పంపాలంటే 2002 జీవవైవిధ్య చట్టం ఉంది, చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థను అడగాలి. ‘నా ఆవు నెత్తురు తీసకపోయి ఏం జేస్తారు సామీ?’ అని రైతు అడిగితే చట్టం అడిగేదీ అదే ప్రశ్న. ఈ సంగతి ప్రాజెక్టు రాసేటప్పుడే చెప్పాలి. మంజూరయ్యాక చెబితే ఏడాది పోతుంది.

2023లో చట్టమై వచ్చిన అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ కోసం అయిదేళ్లకు 50,000 కోట్ల రూపాయల అంచనా వేశారు, అందులో పెద్ద భాగం ప్రైవేటు రంగం నుంచి రావాలి. పెద్ద సంస్థలతో రాష్ట్ర విశ్వవిద్యాలయాలను జతకట్టే పథకం కూడా అందులో ఉంది. మదనపల్లె, కుప్పం లాంటి చోట్ల పనిచేసే యువ అధ్యాపకులకు ఇది మంచి అవకాశం. ప్రకటన వచ్చాక గడువు కొద్ది వారాలే ఉంటుంది. ఆ వారాల్లో బడ్జెట్ వేసిపెట్టేవారు, రిజిస్ట్రార్ ఆమోదపత్రం తెచ్చిపెట్టేవారు, ఏ అనుమతులు కావాలో ముందే చెప్పేవారు లేకపోతే మంచి ఆలోచన కూడా గడువు దాటిపోతుంది.

వైస్ ఛాన్సలర్లకు, రిజిస్ట్రార్లకు నా మనవి ఇది. ప్రతి ప్రాజెక్టుతో పాటు ఓవర్‌హెడ్ పేరుతో సంస్థకు కొంత సొమ్ము వస్తుంది. అది సాధారణ నిధిలో కలిసిపోకుండా చూడండి. దానితో ప్రాజెక్టుల విభాగంలో బదిలీ లేని ఒక అకౌంటెంటును, నైతిక సంఘాల ఫైళ్లు చూసే పూర్తికాలపు ఉద్యోగి ఒకరిని నియమించండి. ఈ ఏప్రిల్లోనే ఆ పని మొదలుపెట్టండి.