రంగుల అల్లికయు వీడియో పాఠములును

గ్రంథమును విమర్శించుట మనకు అలవాటే. పాఠము చెప్పు తెరను విమర్శించుట క్రొత్త. అయినను తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతములలోని మన ఇండ్లలో బాలికలు సెల్‌ఫోనులో వీడియోలు చూచి చేతిపనులు నేర్చుకొనుచున్నారు. కావున ఆ పాఠముల గుణదోషములను విచారించుట అవసరమని తలంచుచున్నాము. ఇందులకు రెండు రంగుల ఊలు అల్లికను ఉదాహరణముగా గైకొందుము.

ఈ అల్లికకు ఫెయిర్ ఐల్ అని పేరు. స్కాట్లండునకు ఉత్తరమున, షెట్లండు ద్వీపములలో ఒకటియగు ఫెయిర్ ఐల్ దీని పుట్టినిల్లు. 1922లో వేల్సు రాకుమారుడు సెయింట్ ఆండ్రూస్ గోల్ఫు మైదానమున ఈ అల్లిక స్వెట్టరును ధరించిన పిమ్మట దీని ప్రఖ్యాతి పెరిగినది. ఒక్కొక్క వరుసలో రెండు రంగులే వాడుదురు. ఒక దారము కుట్టుచుండగా రెండవది వెనుకగా సాగిపోవును. గళ్ళ కాగితము మీది నమూనాను బట్టి కుట్లు లెక్కించుకొనవలెను. చుక్కలు లెక్కించి ముగ్గు వేయు మన స్త్రీలకు ఈ లెక్క కష్టము కాదు.

వీడియోల గుణమును మొదట చెప్పవలెను. పుస్తకములోని బొమ్మ కదలదు. ఇచట వ్రేళ్ళు కదలును. రెండు దారములను రెండు చేతులతో పట్టు తీరును పది పుటల వర్ణనకంటె ఒక నిమిషపు దృశ్యము చక్కగా తెలుపును. అర్థము కానిచో ఆపవచ్చును, వేగము తగ్గించవచ్చును, నూరుమార్లు చూడవచ్చును. ఇంతటి ఓర్పుగల గురువు అరుదు.

అయితే మేము చూచిన పాఠములలో పెక్కింటికి ఒక లోపము కలదు. అవి అల్లిక ముఖమును చూపినంతగా వీపును చూపవు. ఈ విద్య మర్మమంతయు వెనుకవైపుననే ఉన్నది. వెనుక సాగు దారము బిగిసినచో ముందరి పువ్వు ముడుచుకొనిపోవును. మరీ వదులైనచో తొడుగునప్పుడు వ్రేళ్ళకు తగుల్కొనును. ఐదారు కుట్లకు మించి సాగవలసివచ్చినచో నడుమ ఒకచోట దానిని పట్టివేయవలెను. క్రిందుగా వచ్చు దారపు రంగే ముందు ప్రస్ఫుటమగును గనుక దారముల స్థానములను నడుమ మార్చరాదు. మన ఎండలకు ఊలునకు బదులు నూలుదారము వాడినచో, దానికి సాగుడు తక్కువ గనుక, లోపము మరింత బయటపడును. బిగువు చేతికి తెలియవలసినది. తెర మీది ఉపాధ్యాయిని శిష్యురాలి పనిని త్రిప్పి చూడజాలదు. కాగితము వెనుకనున్న వ్రాతను చదువనిదే సంతకమునకు పంపరాదని గుమాస్తాగిరిలో నేర్చినవారము మేము; అల్లికకును అదే న్యాయము.

నర్సాపురపు లేసు అల్లికను చూడుడు. 19వ శతాబ్దమున క్రైస్తవ మిషనరీల వలన గోదావరి సీమకు వచ్చిన ఆ పరదేశవిద్య మనదైపోయినది. తల్లి ప్రక్కన కూతురు కూర్చుండుటయే అందులకు కారణము. పళ్ళిపట్టు, పొదటూరుపేట మగ్గపుటిండ్లలో పడుగు పేకల పనియు అట్లే సంక్రమించినది.

1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి మదరాసు రాష్ట్రమున చేరినది మొదలు మన భాషకు ఇంటిమాటయే ప్రధానమైన ఆశ్రయము. పోగు, ముడి, అంచు, బిగువు, వదులు మొదలగు మాటలు పని నడుమ దొరలునవి. ఆంగ్లపాఠము విని బాలిక ఒంటరిగా అల్లినచో విద్య వచ్చును గాని ఈ మాటలు రావు.

కావున వీడియోను మానవలదు. అవ్వ ప్రక్కన కూర్చుండి చూడవలెను. పాఠము ముగిసిన పిదప పనిని త్రిప్పి ఆమెకు చూపవలెను. అవ్వకు ఫెయిర్ ఐల్ పేరైన తెలియకపోవచ్చును. దారము బిగిసినదో వదులైనదో ఆమె వ్రేళ్ళకు తెలియును. ఆ సంగతి ఆమె తెలుగుననే చెప్పును.