తలుపులు తెరిచి రాసిన రూలు

కోర్టు తీర్పు వచ్చిందంటే ఊరంతా చర్చే. ఆ తీర్పు దాకా కేసును నడిపించిన రూల్సు ఎవరు రాశారని మాత్రం ఎవరూ అడగరు. జవాబు ఎన్నాళ్లలో దాఖలు చేయాలి, అవతలి పక్షం దగ్గరున్న కాగితాలు ఎంతవరకు అడగొచ్చు, సాక్షిని ఎన్ని గంటలు ప్రశ్నించొచ్చు... చాలా కేసుల తలరాత ఇక్కడే తేలిపోతుందని కోర్టు మెట్లెక్కిన ఎవరినడిగినా చెబుతారు. అంత బరువున్న ఈ పనిని అందరి కళ్లెదుటా చేసే కమిటీ ఒకటి అమెరికాలో ఉంది. దాని పనితనం దగ్గరగా చూడదగ్గది.

అమెరికా ఫెడరల్ కోర్టుల్లో కేసుల నడకకు రూల్సు చేసే అధికారాన్ని 1934 నాటి చట్టం సుప్రీంకోర్టుకు ఇచ్చింది. తొలి సివిల్ రూల్సు 1938లో అమల్లోకి వచ్చాయి. ముసాయిదా రాసేది సుప్రీంకోర్టు కాదు. జడ్జీలు, లాయర్లు, లా ప్రొఫెసర్లు ఉండే సలహా కమిటీ. ఆ ముసాయిదా స్టాండింగ్ కమిటీ, జ్యుడిషియల్ కాన్ఫరెన్స్, సుప్రీంకోర్టు దాటి కాంగ్రెస్ ముందుకు వెళ్తుంది. అక్కడ అడ్డు రాకపోతే డిసెంబరు 1న అమల్లోకి వస్తుంది. మొత్తానికి రెండు మూడేళ్లు మామూలు.

ఈ సమావేశాలు బహిరంగంగా జరగాలన్న నిబంధన 1988లో చట్టంలోకి ఎక్కింది. దాన్ని రాసిన తీరు చూడండి. ప్రజాహితం దృష్ట్యా సమావేశాన్ని మూసేసే వీలు ఉంది. కానీ ఆ నిర్ణయం సభ్యుల్లో సగానికి మించి హాజరై ఉండగా, బహిరంగ సమావేశంలోనే తీసుకోవాలి. కారణం అక్కడే చెప్పాలి. అదీ ఆ రోజు మిగిలిన భాగానికే. అంటే ముందురోజు రాత్రి నలుగురు మాట్లాడుకుని రేపు ఎవరినీ రానివ్వొద్దని తీర్మానించుకునే దారి లేదు. తలుపు మూయాలన్నా జనం ఎదుట చెప్పి మూయాలి. ఆసక్తి ఉన్నవాళ్లు వచ్చేందుకు వీలుగా ముందే నోటీసు ఇవ్వాలి, మినిట్స్ రాసి ప్రజలకు అందుబాటులో పెట్టాలి. సిఫారసు పైకి పంపేటప్పుడు రూలుతోపాటు వివరణ, నివేదిక జతచేయాలి. ఆ నివేదికలో మైనారిటీ అభిప్రాయాలు కూడా ఉండాలి. ఓడిపోయిన వాదనకూ చోటివ్వమని చట్టమే చెప్పడం నాకు ఎంతో నచ్చిన అంశం.

చట్టం ఇంత చెప్పినా పని బాగా జరగాలంటే మనుషులు కావాలి. ఇక్కడ ఆ బరువు మోసేది రిపోర్టర్ అనే లా ప్రొఫెసర్. ప్రతి ప్రతిపాదనకూ పాత రూలు ఏమిటి, ఏ కోర్టు ఎలా అన్వయించింది, మారిస్తే ఎక్కడ చిక్కొస్తుంది అని మెమోలు రాసేది ఆయనే. మిషిగన్ యూనివర్సిటీకి చెందిన ఎడ్వర్డ్ కూపర్ సివిల్ రూల్స్ కమిటీకి 1992 నుంచి రెండు దశాబ్దాలకు పైగా ఈ పని చేశారు. సమావేశానికి ముందే వందల పేజీల అజెండా పుస్తకం బయటికి వస్తుంది. కమిటీ ముందున్న కాగితాలే వెనక కూర్చున్నవాళ్ల చేతిలోనూ ఉంటాయి. చూడనివ్వడం వేరు, అర్థమయ్యేలా చూడనివ్వడం వేరు. ఈ పుస్తకం రెండో పని చేస్తుంది.

రూల్ 37(ఇ) పుట్టుక చూస్తే ఇదంతా బోధపడుతుంది.

కేసు వస్తుందని తెలిశాక కంపెనీ ఈమెయిళ్లు చెరిగిపోయాయనుకోండి. ఏం చేయాలి? 2006లో పెట్టిన రూలు చాలా సన్నగా ఉండేది. కంప్యూటర్ వ్యవస్థ మామూలుగా, నిజాయితీగా నడుస్తూండగా సమాచారం పోతే, అసాధారణ పరిస్థితుల్లో తప్ప ఈ రూల్సు కింద శిక్ష వేయొద్దని మాత్రమే చెప్పింది. అప్పటికే ఒక్కో అప్పీలు కోర్టుది ఒక్కో దారి, ఆ తేడాను ఈ రూలు తీర్చలేదు. నిర్లక్ష్యంగా పోగొట్టినా చాలు, ఆ సమాచారం మీకు వ్యతిరేకంగానే ఉండి ఉంటుందని జ్యూరీ ఊహించుకోవచ్చని న్యూయార్క్‌లోని రెండో సర్క్యూట్ అప్పీలు కోర్టు 2002లో చెప్పింది. మరికొన్ని కోర్టులు దురుద్దేశం కనబడాల్సిందే అన్నాయి. శిక్ష భయంతో పెద్ద కంపెనీలు అవసరం లేని ఫైళ్లు కూడా దాచుకుంటూ పోయాయి. 2010 మేలో డ్యూక్ యూనివర్సిటీలో జరిగిన సదస్సులో దీనికి కొత్త రూలు కావాలన్న మాట గట్టిగా వినిపించింది.

కమిటీ 2013 ఆగస్టులో ముసాయిదా ప్రచురించింది. అభిప్రాయాలకు ఆరు నెలల గడువు. వాషింగ్టన్, ఫీనిక్స్, డాలస్ నగరాల్లో విచారణలు పెట్టారు. 2,300కు పైగా అభిప్రాయాలు వచ్చాయి. ఈ దశలో చాలా కమిటీలు వచ్చిన కాగితాలు కట్టగట్టి పక్కన పెట్టి, ముందు అనుకున్నదే ఖాయం చేస్తాయి. ఇక్కడ అలా జరగలేదు.

ఆ ముసాయిదా ఈమెయిళ్లకే పరిమితం కాలేదు, పోయిన ఏ సాక్ష్యానికైనా వర్తించేలా రాశారు. అక్కడే ఒక ముడి పడింది. 2001లో నాలుగో సర్క్యూట్ తేల్చిన సిల్వెస్త్రీ కేసులో ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోలేదని కార్ల కంపెనీ మీద దావా పడింది. కంపెనీ పరిశీలించేలోపే ఆ కారు చేతులు మారి మరమ్మతయిపోయింది. కావాలని చేసిందని తేలకపోయినా, ప్రతివాదికి వాదించుకునే దారే మూసుకుపోయిందని కోర్టు దావా కొట్టేసింది. దురుద్దేశం ఉంటేనే పెద్ద శిక్ష అంటే ఇలాంటి కేసుల్లో అన్యాయం. అందుకని ముసాయిదాలో ఒక మినహాయింపు పెట్టారు. ఆ మినహాయింపు అసలు రూలునే మింగేస్తుందని అభ్యంతరాలు వచ్చాయి. కమిటీ చేసిన పని చూడండి: మినహాయింపునూ తీసేసింది, రూలును ఎలక్ట్రానిక్ సమాచారానికే కుదించింది. కారు సంగతి పాత తీర్పుల దారికే వదిలేసింది. ఎక్కడ ఆగాలో తెలియడం పనివాడి లక్షణం.

2014 ఏప్రిల్ 10, 11 తేదీల్లో ఓరెగన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో కమిటీ కూర్చుంది. అరిజోనా జిల్లా జడ్జి డేవిడ్ క్యాంప్‌బెల్ అధ్యక్షుడు, మేరీలాండ్ జడ్జి పాల్ గ్రిమ్ ఈ విషయం చూసే ఉపసంఘానికి పెద్ద. మొదటి రోజు చర్చ విన్నాక ముసాయిదాను రాత్రికి రాత్రి తిరగరాసి, మర్నాడు మళ్లీ ముందు పెట్టారు. నెలల తరబడి చెక్కిన వాక్యాలను ఒక్క పూట చర్చ విని వదులుకోవడం ఎంత కష్టమో రాసేవాళ్లకు తెలుసు.

చివరికి నిలిచిన రూపం పొందికైనది. ముందు మూడు గడపలు: కేసు కోసం భద్రపరచాల్సిన సమాచారమై ఉండాలి, తగిన జాగ్రత్త తీసుకోకపోవడం వల్లే పోయి ఉండాలి, మరో చోటినుంచి తెచ్చుకునే వీలు లేకుండా ఉండాలి. ఇవి దాటాకే శిక్ష మాట. అవతలివాళ్లకు నష్టం జరిగితే ఆ నష్టం పూడ్చడానికి ఎంత అవసరమో అంతే చేయాలి, అంతకు మించకూడదు. జ్యూరీకి వ్యతిరేక ఊహ చెప్పడం, దావా కొట్టేయడం లాంటి పెద్ద శిక్షలు మాత్రం అవతలివాళ్లకు దక్కకూడదనే ఉద్దేశంతో పోగొట్టినప్పుడే. కారణం కమిటీ వివరణలో ఉంది: నిర్లక్ష్యంగా పోయిన సమాచారం పోగొట్టుకున్నవాడికే అనుకూలమైనదీ కావచ్చు. ఎవరూ లోపం లేకుండా అన్నీ భద్రపరచలేరని కూడా ఆ వివరణే ఒప్పుకుంటుంది. ముసాయిదాలో జడ్జి చూడాల్సిన అంశాల జాబితా ఒకటి ఉండేది, తుది రూలులో అది లేదు. 2002 నాటి న్యూయార్క్ తీర్పు దారిని పేరుపెట్టి మరీ తోసిపుచ్చారు. రూలు 2015 డిసెంబరు 1న అమల్లోకి వచ్చింది.

అదే విడతలో కమిటీ ఇంకొక మంచి పని చేసింది. కోర్టు బయట సాక్షుల్ని ప్రమాణం మీద ప్రశ్నించడానికి ఒక్కో పక్షానికి ఉన్న పది అవకాశాలను అయిదుకు, ఏడు గంటల వ్యవధిని ఆరుకు, 25 లిఖిత ప్రశ్నలను 15కు తగ్గిద్దామనుకున్నారు. ఉద్యోగంలో వివక్ష, పౌర హక్కుల కేసులు వేసేవాళ్లకు సాక్ష్యమంతా అవతలివాళ్ల దగ్గరే ఉంటుందని, ఇది వాళ్ల గొంతు నొక్కుతుందని అభ్యంతరాలు వెల్లువెత్తాయి. ఆ తగ్గింపులన్నీ వెనక్కి తీసుకున్నారు. తాను ప్రచురించిన దాన్ని తానే ఉపసంహరించుకునే కమిటీ మీద నాకు నమ్మకం ఎక్కువ.

అన్నీ సవ్యంగా ఉన్నాయనను. ఈ సమావేశాలకు వచ్చే వాళ్లలో ఎక్కువమంది ఏదో ఒక వైపు సంఘటితమైన లాయర్లే. కిస్తీ కట్టలేక కోర్టుకెక్కిన మామూలు మనిషి విమానమెక్కి పోర్ట్‌లాండ్ వెళ్లలేడు. వెనక కుర్చీల్లో లేనివాళ్ల తరఫున ఆలోచించే బాధ్యత కమిటీ మీదే ఉంటుంది, ఆ పని ప్రతిసారీ ఒకేలా జరగదు. అయితే మినిట్స్ చేతికి అందుతాయి కాబట్టి, ఎక్కడ జరగలేదో పట్టుకుని అడగొచ్చు.

మనకూ రూల్ కమిటీలున్నాయి. 1908 నాటి మన సివిల్ ప్రొసీజర్ కోడ్ 123వ సెక్షన్ ప్రకారం ముగ్గురు హైకోర్టు జడ్జీలు, ఇద్దరు న్యాయవాదులు, కింది సివిల్ కోర్టు జడ్జి ఒకరు అందులో ఉంటారు. రూల్సు మార్చాలంటే ముందుగా ప్రచురించాలని 122వ సెక్షన్ చెబుతోంది. కానీ చర్చ తెరిచిన గదిలో జరగాలని గానీ, మినిట్స్ అందరికీ ఇవ్వాలని గానీ ఆ సెక్షన్లలో లేదు. హైదరాబాద్, అమరావతి హైకోర్టులు ఈ ముసాయిదాలను, వాటి వెనకున్న కారణాలను తెలుగులో కూడా ప్రజల ముందు పెట్టాలి, అభ్యంతరాలకు తగిన గడువు ఇవ్వాలి, కమిటీ ఏం మాట్లాడుకుందో మినిట్స్ రూపంలో బయటపెట్టాలి. ఆ మాట ముందుగా అడగాల్సింది జిల్లా కోర్టుల్లో రోజూ ఈ రూల్సుతో బతికే మన బార్ అసోసియేషన్లే.